గోధుమ సారూ, పథ్యం మేడమూ

అందరూ తినేదాని గురించి ఎవరూ వినని మాటలు చెప్పడం నా ఉద్యోగం. రిటైరయ్యేదాకా అదే చేశాను. భద్రాచలం అడవి అంచున ఒక సర్కారు దవాఖానాలో నేను డైటీషియన్‌ని. షుగరు ఉన్నవాళ్ళకు, బాలింతలకు, రక్తం తక్కువైన ఆడపిల్లలకు ఏది తినాలో, ఎంత తినాలో చెప్పేదాన్ని. జనం నాకు పెట్టిన పేరు పథ్యం మేడం. నేను వార్డులోకి అడుగుపెడితే చాలు, మంచాల మీద మిర్చి బజ్జీల పొట్లాలు దిండ్ల కిందికి పోయే చప్పుడు వినిపించేది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నా ఘనకార్యాలు చెబితే బాగుండేది. అవి కూడా కొన్ని ఉన్నాయి. కానీ నిజం చెప్పాలంటే, నా సర్వీసు మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ నిద్ర లేపింది, ఎక్కువ పని చేయించింది, ఎక్కువ కాల్చింది ఒక మనిషి మీద అసూయ. ఆ మనిషి మంచివాడు కావడం దానికి అదనపు బాధ.

మా వైపు మూడు పూటలా అన్నమే. అడవి పల్లెల్లో వెనకటికి జొన్న గటక, జావ తాగేవాళ్ళు. రేషను బియ్యం వచ్చాక అవి పోయాయి. సారపాక కాగితం మిల్లులో పనిచేసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, గనుల్లో పనిచేసి వచ్చినవాళ్ళు షుగరుతో మా దవాఖానాకు రావడం ఏటేటా పెరిగింది. కనీసం ఒక పూటైనా అన్నం మాని, పొట్టు తీయని గోధుమపిండి రొట్టె గానీ, గోధుమ రవ్వ ఉప్మా గానీ తినమని ఊరూరా తిరిగి చెప్పాలని పైనుంచి మాట వచ్చింది.

నాకది కొత్త సంగతి కాదు. గోధుమ గింజ బొమ్మ గీయించిన పెద్ద చార్టు ఒకటి నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. పైన పొట్టు, అందులో పీచు. మొన దగ్గర మొలక, అందులో బి విటమిన్లు, కాస్త మంచి కొవ్వు. మధ్యలో పిండి, మాంసకృత్తులు. మైదా చేసేటప్పుడు పొట్టూ మొలకా రెండూ పోతాయి కాబట్టి మైదా పరోటా తిని గోధుమ తిన్నానని అనుకోవద్దు. గోధుమలో తక్కువైన మాంసకృత్తి భాగం పప్పులో ఉంటుంది కాబట్టి రొట్టెకు పప్పు తోడుండాలి. ఇనుము ఒంటికి పట్టాలంటే రొట్టె తినగానే టీ తాగొద్దు, పక్కన నిమ్మకాయ పిండుకోవాలి. ఇవన్నీ ఒక్క తప్పు లేకుండా, వరసగా, కర్రతో చూపిస్తూ చెప్పేదాన్ని. ఒక ఊళ్ళో నేనట్లా చెబుతుంటే ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ చేయి పైకెత్తింది. సందేహం అడుగుతుందేమోనని సంబరపడ్డాను.

"అయిపోయిందా బిడ్డా? పొయ్యి మీద కూర పెట్టొచ్చిన" అంది.

అట్లాంటి సమయంలో ఆయన వచ్చాడు.

పోషకాహార ప్రచారం కోసమని జిల్లా నుంచి మా దవాఖానాకు వేసిన కొత్త ఉద్యోగి. వయసులో నాకన్నా బాగా చిన్న. మధిర వైపు రైతు కుటుంబం. మాటలో కోస్తా మెత్తదనం, ప్రతి మాట చివరా ఒక 'అండి'. చదువు నాది ఎక్కువ. గొంతు ఆయనది ఎక్కువ. మొదటి మీటింగుకు నన్ను కూడా తీసుకెళ్ళాడు. చార్టు లేదు, కర్ర లేదు. సంచిలోంచి గోధుమలు తీసి, కూర్చున్న ప్రతి ఒక్కరి అరచేతిలో ఇన్ని పోశాడు.

"నోట్లో వేసుకోండి. నమలండి. మింగొద్దు, నేను చెప్పేదాకా నములుతూనే ఉండండి."

ఊరంతా నమలడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. కాసేపటికి ఆయన అడిగాడు.

"ఏమైందండీ నోట్లో?"

"జిగురైంది సారూ! బంక లెక్క సాగుతున్నది!"

"అదేనండి మాంసకృత్తి. కండ పెంచేది అదే. ఇప్పుడు నాలుక మీద గరగర ఏమన్నా మిగిలిందా? అది పొట్టు. కడుపును ఊడ్చే చీపురు. షుగరును ఒక్కసారిగా రక్తంలోకి దూకనివ్వకుండా పట్టుకుని మెల్లగా వదిలేది కూడా అదే."

జనం చప్పట్లు కొట్టారు. చిన్నప్పుడు మేమూ గోధుమలు నమిలి బంక చేసుకుని ఆడుకున్నవాళ్ళమే. ఆ జిగురులో మాంసకృత్తి ఉందని కాలేజీలో చదివి పరీక్ష రాసినదాన్ని నేను. ఆ రెండింటినీ కలపాలని ఇన్నేళ్ళలో నాకు ఎందుకు తోచలేదు? తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయన, "ఎట్లా ఉందండి మేడం?" అని అడిగాడు. "బాగుంది" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు.

కొద్ది నెలల్లోనే ఆయన గోధుమ సారు అయిపోయాడు. ఊళ్ళలో ఆయన జీపు దిగితే ఆడవాళ్ళు చెంబుతో నీళ్ళిచ్చేవాళ్ళు. గోధుమ రవ్వ ఉప్మా చేసి రుచి చూడమని గిన్నెలతో వచ్చేవాళ్ళు. నేను పక్కనే ఉంటే, "పథ్యం మేడం తింటదో తినదో" అని నాకు పెట్టేవాళ్ళు కాదు. నాకూ ఆకలి ఉంటుందని ఎవరికీ తట్టేది కాదు.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ కూడా ఆయన గురించే మాట్లాడేదాన్నట. "ఇవాళ ఏమన్నాడు మీ గోధుమ సారు?" అని మా ఆయన అడిగేవాడు. "మీ" అన్నందుకు ఆయనతో కూడా పోట్లాడాను.

ఇక మా జీపు డ్రైవరు సంగతి చెప్పాలి. సారపాక మనిషి. తండ్రి మిల్లుకు వెదురు లారీలు ఎక్కించి దించిన కూలీ. ఈయనకు చాలా ఏళ్ళుగా షుగరు. మా డాక్టరు రాసిన మాత్ర పొద్దున్నే వేసుకుంటాడు, ఆ పైన పళ్ళెం నిండా అన్నం తింటాడు. తగ్గించమని నేను చెప్పని రోజు లేదు.

"మెతుకు లేకుంటే స్టీరింగు తిరగదు మేడం" అని నవ్వేసేవాడు.

ఒకరోజు పొద్దున జీపు దగ్గర నిలబడి టిఫిన్ డబ్బా తెరిచి నాకు చూపించాడు. లోపల పల్చటి పుల్కాలు, కాస్త సొరకాయ కూర.

"చూడుండ్రి మేడం. అన్నం బంజేసిన. పొద్దుగాల రెండు పుల్కలే. ఒళ్ళు దూది లెక్క తేలికైంది."

"ఎవరు చెప్పారు?"

"గోధుమ సారు చెప్పిండు."

"మరి నేను ఇన్నేళ్ళుగా చెబుతున్నది ఏంది?"

ఆయన మొహమాటపడ్డాడు. "మీరు చెప్తే దవాఖానా చెప్పినట్టుంటది మేడం. సారు చెప్తే ఇంట్ల మనిషి చెప్పినట్టుంటది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా ఉద్యోగ ధర్మం మర్చిపోలేదు.

"మాత్ర అదే వేసుకుంటున్నావా? పళ్ళెం అన్నానికి సరిపడా రాసిన మాత్ర అది. తిండి ఇంత తగ్గిస్తే మాత్ర కూడా తగ్గించాల్సి వస్తుంది. డాక్టరు గారికి చూపించుకో. ఆయన చెప్పేదాకా ఇట్లా ఒక్కసారిగా తగ్గించకు."

"అవ్ మేడం, చూపించుకుంట" అని డబ్బా మూసేశాడు. మర్నాడు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట.

ఆ చలికాలంలో ఒకరోజు అడవి లోపలి గూడేనికి బయలుదేరాం. బెల్లం వేసిన గోధుమ రవ్వ పాయసం చేసి చూపించే కార్యక్రమం. గ్యాసు బండ రావడం ఆలస్యమై దవాఖానా ముందే పొద్దెక్కిపోయింది. గోధుమ సారు ముందు సీట్లో, నేను వెనక, నా కాళ్ళ దగ్గర పొయ్యి, గిన్నెలు, రవ్వ సంచి. డ్రైవరు డబ్బా సీటు కిందే ఉంది. గూడెం చేరాక తింటానన్నాడు.

టేకు చెట్ల మధ్య రోడ్డు. పత్తి ఏరడానికి పోయే కూలీల ఆటో ఒకటి ఎదురొచ్చింది. డ్రైవరు పక్కకు తీయాల్సినదానికన్నా ఎక్కువ తీశాడు. గోధుమ సారు, "మెల్లగా అన్నా" అన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే డ్రైవరు కస్సుమన్నాడు.

"నాకు తెల్వదా నడుపుడు? నన్ను నడపనియ్యరా?"

నేను వెనకనుంచి డ్రైవరు మెడ చూశాను. అంత చలిలో చొక్కా కాలరు తడిసిపోయి ఉంది. చెమట కణతల మీదుగా కారుతోంది. గేరు మీద చేయి వణుకుతోంది.

"జీపు ఆపు" అన్నాను.

వినలేదు. ఏదో గొణుగుతున్నాడు. రోడ్డు రెండుగా కనిపిస్తోందని కాబోలు.

"సార్, ఆపించండి! షుగరు పడిపోతోంది!"

గోధుమ సారు హ్యాండ్ బ్రేకు లాగాడు. జీపు ఊగి, ముందు చక్రం రోడ్డు పక్క కాలువలోకి దిగి ఆగిపోయింది. కల్వర్టు గోడ అక్కడికి ఎంతో దూరం లేదు.

"బెల్లం ఎక్కడ?"

"పాయసానికండి... సంచిలో..."

"తియ్యండి!"

ఆయన చేతులు ఆడలేదు. నేనే సంచి బోర్లించి, బెల్లం చెక్కను పొయ్యి అంచుకేసి కొట్టి, ముక్క తీసుకుని ముందు వైపుకు దిగాను. డ్రైవరుకు తెలివి పూర్తిగా పోలేదు. పిలిస్తే కళ్ళు తిప్పుతున్నాడు, గుటక వేయగలుగుతున్నాడు. మింగలేని మనిషి నోట్లో ఏదీ పెట్టకూడదు. ఈ ఒక్కటి మాత్రం మీరు గట్టిగా గుర్తుంచుకోండి. నేను గడ్డం పట్టుకుని, "నమలు. మింగు. ఇంకొంచెం నమలు" అంటూ చిన్న చిన్న ముక్కలు పెట్టాను. ఊళ్ళకు ఊళ్ళనే నమిలించిన గోధుమ సారు రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడు.

కాసేపటికి డ్రైవరు కళ్ళు నిలబడ్డాయి. చుట్టూ చూశాడు.

"ఏందిది? జీపు కాలువల ఎందుకున్నది?"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. సీటు కింది డబ్బా తీసి పుల్కాలు తినిపించాను. బెల్లం నిలబెడుతుంది గానీ ఎక్కువసేపు నిలవదు. దాని వెనకే తిండి పడాలి. పశువులు మేపుకునే ఇద్దరు వచ్చి ఒక చేయి వేస్తే జీపు రోడ్డెక్కింది. గోధుమ సారు డ్రైవింగు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక డ్రైవరు చేయి పట్టుకుని కూర్చున్నాను. వెనక్కి తిప్పాం.

చూడండి, లోకం ఎట్లా ఉంటుందో. దవాఖానా గేట్లోకి జీపు వచ్చేటప్పటికి జనం చూసిందేమిటి? డ్రైవరు వెనక వాలిపోయి ఉన్నాడు, జీపు గోధుమ సారు నడుపుకొస్తున్నాడు. సాయంత్రానికి కథ ఊరంతా పాకింది. గోధుమ సారు బెల్లం పెట్టి డ్రైవరును బతికించిండట. అడవిలనుంచి జీపు తోలుకొచ్చిండట.

ఆయన ఊరుకున్నాడా అంటే, లేదు. కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పాడు.

"నేను కాదండి, మేడం గారు. నాకసలు చేతులే ఆడలేదు."

"ఎంత పెద్ద మనసు సారుది! తను చేసి మేడం పేరు చెప్తున్నడు" అన్నారు జనం.

అప్పటిదాకా ఆయన గొంతు మీద అసూయ నాకు. ఆనాటినుంచి ఆయన వినయం మీద కూడా పుట్టింది.

డాక్టరు డ్రైవరును పరీక్షించి మాత్ర మోతాదు తగ్గించాడు. "గోధుమ తప్పేం లేదయ్యా. పుల్కాలు నీకు మేలే చేస్తున్నయ్. తిండి మార్చినవ్, మందు మార్చలే. అదీ సంగతి. గోధుమలో కూడా పిండి ఉంటది, బియ్యంల కూడా ఉంటది. రెండిటికీ లెక్క ఉండాలె" అని చెప్పాడు. మరో డైటీషియన్ అయితే "నేను అప్పుడే చెప్పాను" అనేది కాదేమో. నేను అన్నాను.

డ్రైవరు మంచం మీదనుంచి నా వైపు చూశాడు. "చెప్పిండ్రు మేడం. కానీ సారు మీద కోపంతోని అంటున్నరనుకున్న."

మంచి మాటకు అసూయ వాసన తగిలితే మనకన్నా ముందు ఎదుటివాడికే తెలిసిపోతుంది కాబోలు.

ఆగిపోయిన కార్యక్రమం తర్వాతి వారం అదే గూడెంలో పెట్టాం. ఈసారి జనం గింజల కోసం ముందే చేతులు చాపి కూర్చున్నారు. గోధుమ సారు సంచి విప్పలేదు.

"గోధుమ తినమని మీకు చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతానండి, మంచిది కాబట్టి. కానీ ఎవరు ఏ మాత్రలు వేసుకుంటున్నారో నేను ఒక్కరిని కూడా అడగలేదు. మా డ్రైవరన్న నా మాట నమ్మి తిండి మార్చాడు. కొంచెంలో ముగ్గురం పోయేవాళ్ళం. నేను చెప్పింది సగం మాట. ఆ సగం విని ఎవరైనా ఇబ్బంది పడి ఉంటే, చేతులు జోడిస్తున్నానండి."

అబద్ధమెందుకు, ఆయన మెరుపు ఇక్కడితో తగ్గుతుందని నాలో ఒక మూల అనుకున్నాను. గూడెం పెద్దమనిషి లేచి వచ్చి, వాళ్ళ భాషలో ఏదో అంటూ ఆయన భుజం మీద చేయి వేశాడు. ఏమన్నాడని పక్కనున్న ఆశా వర్కర్‌ను అడిగాను.

"సొంతోడు గనుక తప్పు మన ముంగట చెప్పిండు అంటున్నడు మేడం."

తప్పు చేసినా జనానికి దగ్గరయ్యే మనిషితో పోటీ ఎట్లా పడాలి? ఆ రోజు పాయసం నేనే కలిపాను. అడుగంటింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు డ్రైవరు భార్య నా గదికి వచ్చింది. మిల్లు కాలనీలో రెండిళ్ళలో వంట చేసే మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. కొంగు నడుముకు చుట్టుకుని పనికి దిగినట్టు నిలబడింది.

"సారు మాటలు మస్తుంటయ్ మేడం. ఇంటుంటే ఇనబుద్దైతది. కానీ ఇంట్ల వండేది నేను. పొద్దుగాల ఎంత పెట్టాలె, ఆయన అడవికి పోతే మధ్యల ఏం కట్టియ్యాలె, చెమట పడితే ఏం జేయాలె, గియ్యన్ని నాకు మీరే చెప్పాలె. అర్థమయ్యేదాక చెప్పుండ్రి, నేను పోను."

చెప్పాను. పిండి జల్లెడ పట్టి పొట్టు పారేయొద్దని, రొట్టె పక్కన పప్పో పెసర్ల కూరో ఉండాలని, మధ్యాహ్నం కాస్త అన్నం ఉన్నా తప్పు లేదని, మాత్ర వేసుకున్నాక తిండి ఆలస్యం చేయొద్దని, జీపులో బెల్లం ముక్క ఎప్పుడూ ఉండాలని. ఆమె ఊరికే వినలేదు. ప్రతిదానికీ అడ్డుపడింది. "పెసర్లు అరగకుంటే?" "రాత్రి రొట్టె పొద్దుగాల తినొచ్చా?" "పండుగనాడు బూరెలు తింటనని లొల్లి పెడితే?" నా సర్వీసులో నన్ను అన్ని ప్రశ్నలు అడిగిన మనిషి లేదు. చార్టు తీయాలన్న ఆలోచనే రాలేదు నాకు. మధ్యాహ్నం భోజనం సంగతి ఇద్దరం మర్చిపోయాం.

ఆమె వెళ్ళాక చూస్తే గుమ్మం పక్కన గోధుమ సారు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు.

"ఏం సార్, లోపలికి రాలేదేం?"

"రాబుద్ధి కాలేదండి. నన్ను ఎవరూ ఇట్లా అడగరు మేడం. చప్పట్లు కొడతారు, వెళ్ళిపోతారు. ఇంటికెళ్ళి ఏం చేస్తారో నాకు తెలియదు. ఆవిడ మిమ్మల్ని వదలకుండా అడుగుతుంటే నాకు... ఏమనాలో తెలియదండి. కడుపులో మండింది."

ఆ మాటకు నేను పెద్దదానిలా, ఓదార్పుగా ఏదో అనాల్సింది. "కూర్చోండి, టీ తాగుదాం" అన్నాను. మనసులో మాత్రం పండగ.

అప్పటినుంచి మీటింగులు కలిసి చేశాం. ముందు ఆయన మాట్లాడేవాడు. ఆ పైన నేను చెట్టు నీడన కుర్చీ వేసుకుని, ఇంటింటి ఆడవాళ్ళతో వాళ్ళ పొయ్యి సంగతులు మాట్లాడేదాన్ని. నా దగ్గర లైను పొడుగ్గా ఉన్న రోజు ఆయన నీళ్ళ సీసా పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాడు. ఆయనకు చప్పట్లు ఎక్కువ పడిన రోజు నేను చార్టు మడతలు సరిచేసుకునేదాన్ని. స్నేహితులమయ్యామని చెప్పను. మా డ్రైవరు మాత్రం తర్వాత చాలా ఏళ్ళు మమ్మల్ని ఇద్దరినీ క్షేమంగా తిప్పాడు. ఆయన షుగరు చెప్పినమాట వింటోంది. పొద్దున పుల్కా, మధ్యాహ్నం కొలిచిన అన్నం.

గోధుమ సారుకు ప్రమోషన్ వచ్చి ఖమ్మం వెళ్ళిపోయాడు. నేను రిటైరై, మా అమ్మాయికి దగ్గరగా తిరుమలాయపాలెంలో ఉంటున్నాను. ఇప్పుడు ఆయన మాటలు ఫోనులో వస్తాయి. గోధుమ గురించి, చిరుధాన్యాల గురించి చిన్న చిన్న వీడియోలు. మా వీధి ఆడవాళ్ళు, "ఈ సారు మస్తు చెప్తడు, మీరు జూసిండ్రా?" అని నాకే పంపిస్తారు.

చూస్తాను. ఎక్కడో ఒక తప్పు దొరకకపోతుందా అని కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చూస్తాను. దొరకదు. ఫోను పక్కన పెట్టి ఇంకో పని చూసుకుందామని లేస్తాను. మళ్ళీ కూర్చుని మొదటినుంచి చూస్తాను.